తమ్ముడి సినిమాలో అక్క లేదు

ఇంటర్వెల్ అయిపోయి కోరుట్ల థియేటర్లో లైట్లు ఒక్కొక్కటే ఆరిపోతున్నాయి. సుధ చేతిలోని సమోసా చల్లారింది గానీ తమ్ముడి మీది కోపం చల్లారలేదు. ఇందాకే, టీ తాగే దగ్గర, వాడి మోచెయ్యి పట్టుకుని పక్కకు లాగి అడిగేసింది, ఏరా జగదీశ్, నీ సినిమాలో అమ్మ ఉంది, నాయన ఉన్నాడు, మనింటి బర్రె కూడా ఉంది, మరి నేనేదిరా అని. దేశంలో ఒకటి, దేశం బయట రెండు అవార్డులు తెచ్చుకున్న దర్శకుడు, ముప్పై ఏడేళ్ళవాడు, బడి ఎగ్గొట్టి దొరికిపోయినవాడిలా నేల చూపులు చూశాడు. "నువ్వే గదక్కా ఒట్టు వెట్టించుకున్నవ్, సచ్చినా ఎవ్వలకు చెప్పద్దని. గందుకే నీ జాగల పిలగాన్ని పెట్టిన" అన్నాడు. ఒట్టు నిజమే, అమ్మ మీద ప్రమాణం చేయించి మరీ వేయించుకుంది. కానీ ఒట్టుకు కట్టుబడేవాడైతే కథనే వదిలెయ్యాలి గానీ, కథను ఉంచుకుని అక్కను వదిలేస్తాడా? వాడి మాట నమ్మితే వాడంత మంచివాడు లేడు, నమ్మకపోతే వాడంత దొంగ లేడు, వాడి మొహం చూస్తే రెండూ వాడేనేమో అనిపించింది. తెర మీద మళ్ళీ పొగమంచు వచ్చింది, ఈ సినిమాలో పొగమంచు కొంచెం ఎక్కువే. కుడి పక్క సీట్లో లసుమవ్వ కాళ్ళు పైకి ముడుచుకుని కూర్చుంది. డెబ్బై నాలుగేళ్ళ మనిషి, చిన్నప్పటి పక్కింటి అత్తమ్మ. ఈ సినిమాకు మూలం ఈమే, ఆ సంగతి ఈమెకు తెలియదు. ఇంకాసేపట్లో టేపురికార్డరు సీను వస్తుంది, పేపర్లన్నీ ఆకాశానికెత్తిన సీను, అది చూస్తే ఈమెకు అర్థమైపోతుంది, ఇరవై తొమ్మిదేళ్ళు దాచిన ముచ్చట ఈ చీకట్లో, ఈ సీట్లో బయటపడుతుంది. ఆ తర్వాత లైట్లు వేస్తారు, సన్మాన సభ పెడతారు, దర్శకుడి అక్క రెండు ముక్కలు మాట్లాడాలి. ఏం మాట్లాడాలి, సినిమా గొప్పగా ఉందని చెప్పి దిగిపోవాలా, ఇది నా కథ అని చెప్పాలా? నా కథ అంటే నా తప్పు అన్నట్టే.

అందరూ గొప్పదన్నారు కాబట్టే సుధకు మొదటి నుంచీ అనుమానం. సిరిసిల్లలో ఆమె సూపర్‌వైజరుగా ఉన్న కుట్టు యూనిట్లో బడిపిల్లల యూనిఫారాలు కుడతారు, భోజనాల వేళ అమ్మాయిలు ఫోన్లో చదివి వినిపించేవారు, అక్కా చూడు మీ తమ్మునిది ఇంకో పేపర్లో పడ్డది అని. జగిత్యాల జగపతి రావు సార్ రాసిన వ్యాసమైతే పెద్దది, రెండు రోజులు చదివారు. ఆయన రిటైరైన లెక్చరర్, ఒకప్పటి దొరల ఇంటి మనిషి, ఇప్పుడు జిల్లాలో ఏ సభ జరిగినా అధ్యక్షుడు. ఈ సినిమాలో నిశ్శబ్దం మాట్లాడుతుందని రాశాడు. నిశ్శబ్దమట! కోరుట్లలో తమ వాడలో నిశ్శబ్దం ఎప్పుడుందో సుధకు ఎంత తలబాదుకున్నా గుర్తుకు రాదు. పొద్దున లేస్తే నలుగురు ఆడవాళ్ళు ఒక అరుగు మీద చేరి, చాటలు ఒళ్ళో పెట్టుకుని, కత్తెరలు టకటకా ఆడిస్తూ తునికాకు కత్తిరించి, తంబాకు పోసి బీడీలు చుడుతుంటే నోళ్ళు ఊరుకుంటాయా? ఎవరి కోడలు అలిగింది, ఎవరికి వీసా వచ్చింది, ఎవరిని ఏజెంటు ముంచాడు, ఎవరి బీడీలు బాగా లేవని కార్ఖానాలో పక్కన పడేశారు, అన్నీ ఆ అరుగు మీదే తేలిపోయేవి. తమ్ముడి సినిమాలో ఆ ఆడవాళ్ళు నోరు విప్పకుండా చుడతారు, మధ్య మధ్య తలెత్తి ఎటో దూరంగా చూస్తారు. దూరంగా ఏముందని, ఎదురింటి గోడ తప్ప! పైగా కథతో ఏ సంబంధమూ లేకపోయినా పిల్లాడిని తీసుకుపోయి జగిత్యాల ఖిల్లా మీద నిలబెట్టాడు, సినిమావాళ్ళకు కోట కనపడితే చెయ్యి ఊరుకోదు కాబోలు. మొదటి సగం చూస్తున్నంతసేపూ సుధ ఇవన్నీ వరసగా ఏరుకుంటూనే ఉంది. వాడికి చెప్పడానికని కాదు, కోపం నిలబడాలంటే దానికీ ఏదో ఒకటి పెట్టాలి కదా.

అట్లా ఏరుకుంటూ ఉండగానే తెర మీద తల్లి చేతులు కడుక్కోవడం మొదలుపెట్టింది. ఒకసారి కడిగి వేళ్ళు వాసన చూసుకుంది. బూడిద తీసుకుని తోమింది, మళ్ళీ వాసన చూసుకుంది. చింతపండు తొక్కు అరిచేతుల్లో వేసి రుద్దింది, ఇంకోసారి నీళ్ళు పోసుకుంది. కొంగుతో తుడుచుకుని వచ్చి కూర్చుని అన్నం కలిపి ముద్ద పిల్లాడి నోట్లో పెట్టింది. పిల్లాడి కళ్ళు ఒక్క క్షణం చిట్లాయి. అంతే, మింగేశాడు. మింగి మళ్ళీ నోరు తెరిచాడు. పాట లేదు, మాట లేదు, పొగమంచు కూడా లేదు, సుధ ఏరుకోవడం ఆపేసింది. అమ్మ చేతి ముద్ద చేదు. పొద్దంతా తంబాకులో ఆడిన వేళ్ళు, ఎన్నిసార్లు కడిగినా ఆ చేదు పోయేది కాదు. సుధ ఏడో ఏటనే నీ చేత్తో నాకు పెట్టకు అని అమ్మ మొహం మీదే చెప్పేసింది. అమ్మ గౌరవ్వ మళ్ళీ పెట్టలేదు, ఆనాటి నుంచి తన అన్నం తానే కలుపుకుంది సుధ. జగదీశ్ మాత్రం తిన్నాడు. పదేళ్ళు వచ్చేదాకా తిన్నాడు. చిన్నోడు, వాడికేం తెలుస్తుంది, బెల్లమూ తంబాకూ ఒకటే వాడికి అనుకుంది ఇన్నాళ్ళూ. తెలుసన్నమాట. తెలిసే నోరు తెరిచాడన్నమాట. ఒక ఇంట్లో, ఒక పొయ్యి ముందు పెరిగారు, వాడి నాలుక మీద ఏముందో ఈ అక్కకు తెలియలేదు, అమ్మ పోయిన ఆరేళ్ళకు, డబ్బు పెట్టి టికెట్టు కొన్న నాలుగు వందల మంది మధ్య తెలిసింది. సుధ ఏడ్చింది, దాచుకోకుండా ఏడ్చింది. "గౌరవ్వ గిట్లనే కడుగుతుండె చేతులు" అంది లసుమవ్వ, గుసగుస అనుకుని నాలుగు వరసలకు వినపడేట్టు. ఇది తన కథ కాదు, ఇది వాడిదే, వాడొక్కడిదే. దీనికి ఎన్ని అవార్డులిచ్చినా ఇవ్వనీ. విచిత్రం ఏమిటంటే, అన్ని పేపర్లలో ఒక్కరూ ఈ ముద్ద గురించి ఒక్క ముక్క రాయలేదు.

కళ్ళు తుడుచుకునే లోపల తెర మీదకు టేపురికార్డరు వచ్చేసింది. మరీ కొత్తగా ఉంది, షోకేసులోంచి తీసినట్టు. అసలుది అట్లా ఉండేది కాదు. నాయన ఎల్లన్న దుబాయి నుంచి తెచ్చిన ఆ డబ్బాకు ఒక బటను ఊడిపోతే అక్కడ అగ్గిపుల్ల గుచ్చేవాళ్ళు, స్పీకరు జాలీ నిండా తంబాకు పొడి. ఉత్తరం రాయాలంటే చదువు కావాలి, ఫోన్ చెయ్యాలంటే బూత్ దాకా పోయి, నిమిషం నిమిషానికి గుండె కొట్టుకుంటూ, పక్కన నిలబడ్డవాళ్ళ ముందు మాట్లాడాలి. అందుకని వాడలో ఆడవాళ్ళు క్యాసెట్ నింపి, సెలవుకు వచ్చి తిరిగి పోయేవాళ్ళ చేతికిచ్చి పంపేవారు. ఎర్ర బటనూ నల్ల బటనూ కలిపి నొక్కడం వచ్చింది సుధకొక్కదానికే. ఒక్కొక్కరే వచ్చి డబ్బా ముందు కూర్చుని, మగడు అందులో ఉన్నట్టే కొంగు సర్దుకుని, పేరు పెట్టి పిలవకుండా, ఇగో, ఇంటున్నవా అని మొదలుపెట్టేవారు. అటు నుంచి వచ్చిన క్యాసెట్ మీదనే మళ్ళీ ఇటు నుంచి నింపడం రివాజు. మస్కట్లోనో దుబాయిలోనో వాళ్ళు పొరపాటున చెరిగిపోకుండా క్యాసెట్ వెనక ప్లాస్టిక్ పలుకు విరిచి పంపేవారు, ఆ సందు ఖాళీగా ఉంటే రికార్డు కాదు. దానికి వాడలో కనిపెట్టిన మందు తునికాకు ముక్క. ఆకు మడిచి ఆ సందులో కుక్కితే డబ్బా మోసపోతుంది, మాట ఎక్కుతుంది. నింపడం కాగానే ఆకు తీసెయ్యాలి. ఆకు ఉన్న క్యాసెట్ ఖాళీది, ఆకు తీసిన క్యాసెట్ ముట్టొద్దు, అంతే చట్టం, ఆ చట్టం చేసింది కూడా సుధే, పదమూడేళ్ళ సుధ.

ఆ ఏడు పెద్ద బతుకమ్మకు ముందు లసుమవ్వ వచ్చి కూర్చుంది. మొగుడు దుర్గయ్య మస్కట్ పోయి ఆరేళ్ళు, నడుమ ఒక్కసారే వచ్చాడు, పిల్లలు లేరు. తంబాకు దగ్గుతో గొంతు మొదట్లో గీరుకుని, తర్వాత సాఫీగా సాగేది. డబ్బాకు చెవుడున్నట్టు గట్టిగా, మధ్య మధ్య ఇనవడ్తుందా అని అడుగుతూ మాట్లాడింది. ఇంటి మీది గూనపెంక సదిరించిన, బర్రె ఈనింది, కార్ఖానాల ఆకు మంచిగనే ఇస్తున్నరు, నా ఫికరు జెయ్యకు, నాకేం తక్కువ లేదు, ఇంకో రెండేండ్లు ఉండు, ఇల్లు ఏసుకుందం. అంతే. సుధ బటను నొక్కి ఆపింది. ఆపిన తర్వాత కూడా లసుమవ్వ లేవలేదు, డబ్బా వైపే చూస్తూ కూర్చుంది, పెదవులు కదిలాయి, మాట రాలేదు. "ఇంకేమన్న చెప్తవా అత్తమ్మా?" అని అడిగితే "ఇంకేముంటది బిడ్డా" అని లేచింది. లేస్తూ గోడ పట్టుకుంది. సుధ ఆమె మొహమే చూస్తూ ఉండిపోయింది. క్యాసెట్ బయటికి తీసింది, పక్కన పెట్టింది, ఆకు తియ్యడం మరిచిపోయింది.

లసుమవ్వ పండుగకు మల్లాపూర్, తల్లిగారింటికి పోయింది. సద్దుల బతుకమ్మ నాడు వాడంతా ఆడుతుంటే సుధ డబ్బా అరుగు మీద పెట్టి, ఆకు ఉన్న క్యాసెట్ వేసి, పాటలన్నీ ఎక్కించింది. తన గొంతే అందరికంటే పైన వినపడుతోందని మురిసిపోయింది కూడా. మర్నాడు మధ్యాహ్నం, సెలవు మీద ఉన్న వాడకట్టు బుచ్చన్న వచ్చి, సాయంత్రం బొంబాయి బస్సుకు పోతున్న, అక్కడి నుంచి మస్కట్, దుర్గయ్య క్యాసెట్ ఉంటే తీసిపెట్టుండ్రి అన్నాడు. ఎందుకైనా మంచిదని వేసి చూస్తే లసుమవ్వ లేదు, బతుకమ్మ ఉయ్యాల పాటలున్నాయి. వెనక్కి తిప్పింది, ముందుకు తిప్పింది, అటు పక్క వేసింది, ఎక్కడా గూన లేదు, బర్రె లేదు, ఇనవడ్తుందా అన్న గొంతు లేదు. అమ్మ కార్ఖానాకు పోయింది. లసుమవ్వ మల్లాపూర్లో. బుచ్చన్న మళ్ళీ ఏ రెండేళ్ళకో వస్తాడు, అప్పటిదాకా దుర్గయ్య మామ ఏమనుకుంటాడు, నా పెండ్లానికి నాతోని రెండు మాటలు మాట్లాడ బుద్ధికాలేదా అనుకోడా? ఎనిమిదేళ్ళ జగదీశ్‌ను గడప దగ్గర కూర్చోబెట్టి, ఎవరైనా వస్తే దగ్గు అని చెప్పింది. తలుపు వేసింది. గొంతు మొదట్లో గీరి, ఇగో, ఇంటున్నవా అంది. తన నోటి నుంచి లసుమవ్వ వస్తే తనకే ఒళ్ళు జలదరించింది. గూన చెప్పింది, బర్రె చెప్పింది, ఆకు చెప్పింది, ఇనవడ్తుందా అంది. నా ఫికరు జెయ్యకు అనే దగ్గరికి వచ్చేసరికి, గోడ పట్టుకుని లేచిన మనిషి కళ్ళ ముందుకు వచ్చింది, ఆ మాట నోట్లోంచి రానంది. టేపు తిరుగుతోంది. బొమ్మల పెండ్లి చేసుకునే వయసు, మొగుడంటే ఏమిటో తెలియని వయసు, ఎక్కడి నుంచి వచ్చిందో ఆ మాట వచ్చింది. "నేను మంచిగ లేనయ్యా. పైసలు సాలు, గూన సాలు. నాకు నువ్వు గావాలె. ఇంటికి రా." బటను నొక్కేసింది. ఈసారి ఆకు తీసింది. తలుపు తీసేసరికి వాడు గడప మీద నోరు తెరుచుకుని చూస్తున్నాడు, అంతా విన్నాడు, వాడికి ఒట్టు వేయించింది.

ఇప్పుడు తెర మీద ఆ తలుపే వేసింది, ఆ గడియే పెట్టింది ఒక పిల్లాడు. బాగా చేశాడు పిల్లాడు, తప్పేం లేదు, చేతులు వణికించాడు, చెమట తుడుచుకున్నాడు. కానీ నోరు తెరిచేసరికి ఎవరో పెద్దావిడ చేత చెప్పించిన గొంతు పరిచారు, మాటల వెనక వీణ లాంటిదేదో మోగించారు, హాల్లో అక్కడక్కడ ముక్కులు ఎగపీల్చారు. సుధ తెరను చూడటం లేదు, పక్కకు చూస్తోంది. తెర వెలుతురు లసుమవ్వ మొహం మీద పడుతూ పోతూ ఉంది. గూన అన్నాడు పిల్లాడు, ఆమె రెప్ప వెయ్యలేదు. ఇంటికి రా అన్నాడు. కాళ్ళు కిందికి దించింది. దించి, సుధ వైపు తిరగకుండానే అంది, "ఆడదాని కడుపుల మాట గా పిలగానికి ఎట్ల దెల్సే? ఉత్త అబద్ధం. గది ఆడివిల్ల అనాల్సిన మాట." ముందు సీటువాళ్ళు ఇష్షు అన్నారు. దేశం బయట రెండు, లోపల ఒకటి, జగపతి రావు సార్ వ్యాసం, అన్నీ ఒకవైపు, అక్షరం ముక్క రాని ఈ ముసలమ్మ ఒకవైపు. ఎక్కడ బొంకు ఉందో సరిగ్గా అక్కడే వేలు పెట్టింది. సుధకు నవ్వు వచ్చింది, వెంటనే భయం వేసింది, తెలిసే అందా, తెలియక అందా?

మూడు నెలలకు దుర్గయ్య వచ్చాడు. చెప్పా పెట్టకుండా, ఆటోలోంచి పెట్టె, పెద్ద దుప్పటి మూట దించుకుని, అరుగు మీద బీడీలు చుడుతున్న ఆడవాళ్ళందరి ముందు నిలబడి, ఏమయ్యా ఉన్నఫళంగా అచ్చినవంటే "పిలిచింది గదా, అచ్చిన" అన్నాడు. లసుమవ్వ చేతిలో కత్తెర ఆగింది. ఒక్క చూపు చూసి తల దించుకుంది, చెవుల దాకా ఎర్రబడింది. వాడకట్టంతా ఏడాది పాటు ఏడిపించింది, లసుమవ్వ గొంతు మస్కట్ దాకా ఇనవడ్డదట అని. ఆయన మళ్ళీ పోలేదు. బస్టాండు దగ్గర పండ్ల బండి పెట్టుకున్నాడు, సాయంత్రమైతే ఆమె చుట్టిన బీడీల గంప తనే కార్ఖానాకు మోసుకుపోయేవాడు, మొగోడివై గంప మోస్తవా అంటే నవ్వేవాడు. నాలుగేళ్ళ కింద పోయేదాకా అట్లాగే మోశాడు. సుధ పెండ్లి చేసుకుని సిరిసిల్ల పోయినా, పండుగలకు వచ్చినప్పుడల్లా వాళ్ళిద్దరూ అరుగు మీద ఎదురుబొదురుగా కూర్చుని అరటిపండు సగం సగం తింటుంటే చూసి, లోపల ఏనుగెక్కినట్టు ఉండేది. సముద్రం అవతలి మనిషిని నేను తెచ్చిన, ఉత్త గొంతుతోని తెచ్చిన. ఆ వెంటనే వాళ్ళ ఇంటి కప్పు వైపు చూపు పోయేది. ఆ రెండేళ్ళు ఉంటే స్లాబు పడేదేమో, గూన కిందనే బతుకు వెళ్ళిపోయింది కదా, ఆమె ఉండమంది, నేను రమ్మన్నాను, ఆమె మాట చెరిపి నా మాట పెట్టాను. సుధ తన మొగుడికి కూడా చెప్పలేదు. ఇప్పుడు చెబితే ఏం మిగులుతుంది లసుమవ్వకు? మొగుడు తన పిలుపుకు వచ్చాడన్న ఒక్క గౌరవం, అది కూడా లాక్కుంటుందా?

సినిమా చివరికి వచ్చింది. వాన మొదలైంది, తమ్ముడి సినిమాలో పొగమంచు తర్వాత వానే ఎక్కువ. పిల్లాడు వానలో పరుగెత్తి పోయి ఆమె కాళ్ళ మీద పడ్డాడు, నేనే చేసిన అన్నాడు, ఆమె చెంప మీద కొట్టి, తర్వాత గుండెకు హత్తుకుంది. ఇక్కడ పిల్లవాడు మనిషి అవుతాడని రాశాడు జగపతి రావు సార్. కాడు సార్, ఇక్కడ వాడు మళ్ళీ చంటిపిల్లవాడవుతాడు. ఏడ్చి చెప్పేస్తే తేలికైపోతుంది, పోయి ఆడుకోవచ్చు. నేను ఏడవలేదు, ఎవరూ నన్ను హత్తుకోలేదు. మర్నాడు లసుమవ్వ మల్లాపూర్ నుంచి వచ్చి, క్యాసెట్ ఇచ్చినవా బిడ్డా అంటే ఇచ్చిన అత్తమ్మా అన్నాను, అంటున్నప్పుడే పావడా కట్టుకుని ఆడుకునే పిల్ల ఒకతి నాలోంచి లేచి వెళ్ళిపోయింది, మళ్ళీ రాలేదు. మూడు నెలలు ప్రతి ఆటో చప్పుడుకూ లేచి చూశాను. అది కదరా పెద్దదవడం, అది కదరా తియ్యాల్సింది! నువ్వు గడప మీద కూర్చున్నావు గానీ లోపలికి రాలేదు, నీకెట్లా తెలుస్తుంది? నేను చెప్పలేదు కాబట్టి నీకు తెలియదు. ఆ మాట అనుకోగానే సుధ మనసు ఒక్కసారిగా తేటపడింది. ఎవరూ చెప్పనిది వాడెట్లా తీస్తాడు? అమ్మ చేతి చేదు వాడికి తెలుసు, తీశాడు, బంగారంలా తీశాడు. ఇది తెలియదు, వాన కురిపించి సరిపెట్టాడు. వాడి దొంగతనం సగమైతే తన మౌనం సగం.

లైట్లు వచ్చాయి, చప్పట్లు చాలాసేపు మోగాయి. తెర ముందు నాలుగు కుర్చీలు వేశారు, బల్ల మీద శాలువా, పూలదండ పెట్టారు. జగపతి రావు సార్ తెల్ల లాల్చీలో లేచి నిశ్శబ్దం గురించి ఇరవై నిమిషాలు మాట్లాడాడు. ఆ తర్వాత దర్శకుడి అక్కగారు అన్నారు. సుధ లేచింది. మెట్లు ఎక్కుతుంటే జగదీశ్ కళ్ళెత్తి చూశాడు, ఆ చూపులో బతిమాలుకోవడం ఉందో, ఎదురుచూడటం ఉందో తెలియలేదు. మైకు ముందు నిలబడి హాలంతా చూసింది, అందరిలో లసుమవ్వ ఒక్కతే కనపడింది.

"మా తమ్ముని సినిమాకు అవార్డు ఇచ్చుడు సరైందే" అంది. "మా అమ్మ చెయ్యి చేదుండె. గది వాడు మర్వలే. గా ఒక్క ముద్దకు ఎంత ఇచ్చినా తక్కువనే. కని గా టేపు ముచ్చట పిలగానిది గాదు. నాది. నాకు పదమూడేండ్లప్పుడు, లసుమవ్వ అత్తమ్మ మాట్లాడిన క్యాసెట్ మీద నేను పాటలెక్కించి చెడగొట్టిన. ఆమె గొంతు పెట్టి నేనే మాట్లాడిన. ఆమె ఇంకో రెండేండ్లు ఉండు అన్నది. నేను దుర్గయ్య మామను ఇంటికి రా అన్న. తప్పు జేసిన, అత్తమ్మా. వాని ఒట్టు నేను తీస్తున్న."

హాల్లో ఎవరూ కదల్లేదు. జగపతి రావు సార్ రాసిన నిశ్శబ్దం ఇదేనేమో, ఇంతసేపటికి దొరికింది. లసుమవ్వ ముందు సీటు పట్టుకుని మెల్లగా లేచి నిలబడింది. దగ్గింది. గొంతు గీరుకుంది.

"నువ్వానే పోరీ!" అంది. "నేను రమ్మనలే గదా, ఈయన రమ్మన్నవ్ అంటడేందని నాకు పిచ్చిలేసింది. అనలేదని చెప్పనీకి నోరు రాకపాయె. చెప్తే మళ్ల పోతడేమోనని బుగులైంది. గా మాట నాదే అన్నట్టు ఆయన ముంగట అబద్ధమాడుకుంట బతికిన. నా గొంతుల కొండగట్టు అంజన్న మాట్లాడిండు అనుకున్న. ఏటేట పోయి కొబ్బరికాయ కొట్టి అచ్చిన. గా కాయలన్ని నీకు కొట్టేటియి గదనే!"

హాలు ఒక్కసారిగా భళ్ళున నవ్వింది. కుర్చీలు కిర్రుమన్నాయి, ఎవరో ఈల వేశారు, జగపతి రావు సార్ అద్దాలు తీసి తుడుచుకున్నాడు. జగదీశ్ శాలువా కోసం ఆగలేదు, లేచి వచ్చి అక్క పక్కన నిలబడి, తన మెడలో అప్పటికే వేసిన దండ తీసి ఆమె మెడలో వేశాడు, ఏడుస్తూ నవ్వుతూ. సుధకు అదేమీ సరిగా కనపడలేదు. లసుమవ్వ చెయ్యెత్తి అందరినీ ఊరుకోమంది, ఊరుకున్నారు.

"గా మాట నేనెన్నడు ఇనలే, బిడ్డా" అంది. "ఆయన ఇన్నడు, నేను ఇనలే. ఏమన్నవో ఒక్కపారి అను."

సుధ మైకు పక్కకు జరిపింది. గొంతు మార్చాల్సిన పని లేకపోయింది, నలభై రెండేళ్ళకు అది తనంతట తానే గీరుకుని మొదలైంది. "ఇగో, ఇంటున్నవా? నేను మంచిగ లేనయ్యా. పైసలు సాలు, గూన సాలు. నాకు నువ్వు గావాలె. ఇంటికి రా."

లసుమవ్వ కళ్ళు మూసుకుని విన్నది. విని, హాలంతా తమ వాడకట్టే అన్నట్టు చుట్టూ తిరిగి చూసింది.

"అచ్చిండు" అంది, మొహమంతా వెలిగిపోతూ. "మూడు నెల్లల్ల అచ్చిండు."